పదిహేడో నంబరు ఇల్లు

"నలభై ఆరు ఇళ్లూ పూర్తయ్యాయని పంపిన ధ్రువపత్రం మీద సంతకం మీదేనాండీ?"

"ఆయ్. నాదేనండి."

"ఆ ఇళ్లు మీరు ఎప్పుడైనా చూశారా?"

గృహనిర్మాణ శాఖ ఇంజినీరు, డీఈ సత్యనారాయణమూర్తి ముందు కుర్చీ చూపించాడు, తర్వాత మంచినీళ్లు తెప్పించాడు, ఆపైన ఫ్యాను స్పీడు పెంచమని అటెండరుకి పురమాయించాడు. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ సాయిదుర్గ కుర్చీలో కూర్చోలేదు, నీళ్లు ముట్టుకోలేదు. గోదావరి జిల్లాల్లో పదిహేనేళ్ల సర్వీసు ఆవిడకి ఒక సంగతి నేర్పింది. ఇక్కడ మర్యాద ఎప్పుడూ ఉంటుంది, కానీ మోతాదు మించిందంటే దాని వెనక ఏదో దాస్తున్నారన్నమాట.

"ఫొటోలు చూశానండి," అన్నాడు చివరికి. "యాప్‌లో వచ్చేయి. నలభై ఆరూ ఉన్నాయి."

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఈయనగారు చూడకుండానే కట్టేశాడు.

బుధవారం ఉదయం తొమ్మిదిన్నర. అంతకు మూడు రోజుల ముందు, ఆదివారం ఉదయం ఆరూ పదికి, పెదమెరక లాకుల గేట్ల దగ్గర కాలవలో నాగసతీష్ శవం తేలింది. లాకుల కాపలాదారు చూసి స్టేషన్‌కి ఫోన్ చేశాడు. నాగసతీష్‌కి ఇరవై తొమ్మిదేళ్లు. పెదమెరక గ్రామ సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంటు. ఏటిగట్టు మీద గుడిసెల్లో ఉంటున్న నలభై ఆరు కుటుంబాలకి 'గూడు' పథకం కింద కట్టాల్సిన ఇళ్లు అతని చేతి మీదుగానే నడిచాయి. అతనికి ఈత బాగా వచ్చు. చనిపోయే ముందు అతనికి వచ్చిన చివరి ఫోన్, శనివారం సాయంత్రం ఆరూ ముప్పై రెండుకి, ఇదిగో ఈ బల్ల మీదున్న ఫోన్ నుంచే.

"నాలుగు నిమిషాలు మాట్లాడారు. ఏం మాట్లాడారు?"

"సోమవారం సోషల్ ఆడిట్ వాళ్లొస్తున్నారండి. ఇల్లు మాకు అందింది అని లబ్ధిదారులు వేలిముద్ర వేసిన రసీదులు కావాలన్నారు. అవి పట్టుకురమ్మన్నాను, అంతేనండి."

"ధ్రువపత్రం మార్చి ముప్పై ఒకటిన పంపారు. రసీదులు ఏప్రిల్ ఐదున అడిగారు. ముందు తాళి కట్టేసి తర్వాత పెళ్లిచూపులకి వెళ్లారా?"

సత్యనారాయణమూర్తి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మార్చి ముప్పై ఒకటి దాటితే నిధులు మురిగిపోతాయి కదండీ. మురిగిపోతే, మీకు ఖర్చు పెట్టడం చేతకాదని వచ్చే బడ్జెట్లో కోత పెట్టేస్తారు. అందుకని పూర్తయినట్టు చూపించేం. అన్ని చోట్లా ఇదే పద్ధతండి, మనమొక్కరమే కాదు."

"ఇళ్లు కట్టకుండా ఆ నిధులు ఎటు పోయాయి?"

"కాలవ గట్టు సుందరీకరణకి సర్దేరండి. నడకదారి, రంగు లైట్లూను. ప్రారంభోత్సవానికి తేదీ ముందే ఇచ్చేసేరు, అది తప్పదు కదా. ఇళ్లదేముంది, తర్వాతైనా చూసుకోవచ్చన్నారు పైవాళ్లు."

"రేపు పొద్దున్న ఏడింటికి గట్టు మీద గుడిసెలు పీకేస్తున్నారు. అది కూడా తర్వాత చూసుకోవచ్చుగా?"

"అది రెవెన్యూ వాళ్లదండి. రికార్డు ప్రకారం వాళ్లకి ఇళ్లున్నాయి కదా, ఇక గుడిసెలెందుకని."

"ఇల్లు లేక రోడ్డున పడేవాళ్లకి అద్దె సాయమని బడ్జెట్లో ఒక పద్దు ఉండాలి."

"ఉండేదండి." ఆయన గొంతు తగ్గించాడు. "ఈ నలభై ఆరూ పూర్తయ్యాక మన దగ్గర ఇల్లు లేనివాళ్లు సున్నా అని తేలింది. సున్నా మందికి కేటాయింపు ఎందుకని ఈ ఏడాది ఆ పద్దు ఎత్తేసేరు."

ఈ మాట ఆయన తడబడకుండా చెప్పాడు. సాయిదుర్గకి అరికాలి మంట నెత్తికెక్కింది. పేదవాళ్లని తగ్గించడానికి ఇంత చవకైన మార్గం ఉండగా ఇన్నాళ్లూ ఇటుకలూ సిమెంటూ ఎందుకు దండగ చేశారో అనిపించింది. అడిగితే దానికీ ఆయన దగ్గర మర్యాదైన జవాబొకటి ఉండే ఉంటుందని ఊరుకుంది.

"రసీదులు తెమ్మంటే నాగసతీష్ ఏమన్నాడు?"

"'వాళ్ల ముద్రలు పడవు సార్' అన్నాడండి. కుంటిసాకులు చెప్పొద్దన్నాను. ఫోన్ పెట్టేసేడు."

"పడవు అన్నాడా, వేయరు అన్నాడా?"

"పడవనే అన్నాడండి. అదేదో నాకూ అర్థం కాలేదు."

"అతను శనివారం రాత్రే చనిపోయాడు. సోమవారం పదకొండింటికి నలభై ఆరు రసీదులూ ఆడిట్ వాళ్ల ముందు ఎలా పెట్టారు?"

"అతని సొరుగులో దొరికేయటండి. పోలీసు స్పెషల్ టీమ్ ఇన్‌స్పెక్టర్ విజయకుమార్ గారే తెచ్చిచ్చేరు. మళ్లీ అసలువి ఆయనే పట్టుకెళ్లేరు. నా దగ్గర స్కాన్ కాపీలున్నాయి, పంపమంటారా?"

"పంపండి," అంది సాయిదుర్గ. విజయకుమార్ పేరు వినగానే ఆవిడ మొహం ముడుచుకుంది.

* * *

పదిహేడో నంబరు రసీదు చిన్నమ్మలుది. యాభై ఆరేళ్ల మనిషి, భర్త పోయాడు, కూతురు పెళ్లయి రాజోలు దగ్గర ఉంటోంది. ఏటిగట్టు మీద గుడిసె ముందు కూర్చుని కొబ్బరి పీచుతో తాడు పేనుతోంది. జీపు ఆగగానే లేచి నిలబడింది కానీ చేతులు మాత్రం ఆగలేదు. పక్క గుడిసెల వాళ్లు అప్పటికే సామాన్లు మూటలు కట్టుకుంటున్నారు. చిన్నమ్మలు కట్టలేదు.

"మీరు సర్దుకోలేదేం చిన్నమ్మలు గారూ?" అంది సాయిదుర్గ.

"సర్దుకుని ఎక్కడికెళ్లనండి?"

హెడ్ కానిస్టేబుల్ గంగయ్య నోట్‌బుక్ తెరిచాడు. సాయిదుర్గ గుడిసె అరుగు మీద కూర్చుని ఫోన్లో రసీదు చూపించింది. "మార్చి ముప్పై ఒకటో తారీకున ఇల్లు అందిందని దీనిమీద మీరు వేలిముద్ర వేశారట. వేశారా?"

"లేదండి."

"ఆలోచించి చెప్పండి. కోర్టులో కూడా ఇదే అడుగుతారు. రేషన్ కోసమనో పింఛను కోసమనో ఎవరైనా కాగితం తెస్తే చూడకుండా వేసి ఉండొచ్చు కదా."

"వేద్దామన్నా పడదండి అమ్మగారూ." చిన్నమ్మలు తాడు కింద పెట్టి కుడిచేయి చాపింది. "చూడండి."

సాయిదుర్గ ఆ బొటనవేలు పట్టుకుని వెలుగులోకి తిప్పింది. ముప్పై ఏళ్లుగా పీచు పేనిన వేలు. గీతలన్నీ అరిగిపోయి చర్మం గచ్చులా నున్నగా ఉంది, అక్కడక్కడా పీచు కోసిన గాట్లు తప్ప ఏమీ లేదు. చూపుడువేలు కూడా అంతే.

"రేషన్ ఎలా తీసుకుంటారు?"

"కంటి మిషనండి. మా గట్టు మీద తాడు పేనే ఆడోళ్లందరికీ కంటి మిషనే. వేలు పెడితే అది ఎర్రలైటు కొట్టుకుంటూ కూర్చుంటుంది. నాగసతీష్ బాబు కొత్తలో ఓ రోజంతా కుస్తీ పట్టేడండి మా వేళ్లతో. ఆఖరికి దణ్ణం పెట్టేసేడు."

అప్పుడు వెలిగింది సాయిదుర్గకి. 'వాళ్ల ముద్రలు పడవు సార్.' కుంటిసాకు కాదు, ఉన్న మాటే చెప్పాడు. ఏసీ గదిలో కూర్చున్న పెద్దమనిషికి అది అర్థం కాలేదు. అర్థం చేసుకోవాల్సిన అవసరం అంతకుముందెప్పుడూ ఆయనకి రాలేదు.

"నాగసతీష్‌ని ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"శనివారం సాయంత్రం ఐదవుతుందండి. ఇదిగో, మీరు కూర్చున్నచోటే కూర్చున్నాడు. 'పిన్నిగారూ, మీ అందరి ఇళ్లూ కట్టేసినట్టు రాసేసేం. ఫొటోలు నేనే తీసేను, ఉద్యోగం పోద్దని భయపడ్డాను. సోమవారం ఆడిటోళ్ల ముందు ఉన్నదున్నట్టు చెప్పేస్తాను' అన్నాడు. అన్నం తింటావా బాబూ అన్నాను. ఆకలి లేదన్నాడండి."

చిన్నమ్మలు కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"నలభై ఆరుమందిలో తాడు పేనేవాళ్లు ఎంతమంది?"

"ముప్పైమందికి పైనే ఉంటామండి."

సాయిదుర్గ ఫోన్లో రసీదులు ఒక్కొక్కటే జరిపింది. ముప్పైమందికి పైగా వేళ్లకి గీతలే లేవు. కాగితాల మీద మాత్రం నలభై ఆరు ముద్రలూ గీత గీతా లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉన్నాయి. ఆవిడ లేచింది.

"మీ ఇల్లు చూశారా చిన్నమ్మలు గారూ?"

"ఏ ఇల్లండి?"

"పదిహేడో నంబరు. రండి, జీపెక్కండి."

* * *

ఇళ్ల స్థలాల లేఅవుట్‌కి చేరేసరికి పదకొండూ ఐదు. వరిచేనుని కొని, మట్టి కప్పి ప్లాట్లు వేశారు. కప్పాల్సిన మట్టిలో సగం ఏ కాంట్రాక్టరు జేబులోకి పోయిందో కానీ, చీలమండ లోతు నీళ్లు నిలిచి ఉన్నాయి. పునాదులు నలభై ఆరు ఉన్నాయి. కొన్నిటికి కిటికీ ఎత్తు గోడలు లేచాయి, కొన్నిటి మధ్య తూటికాడ మొలిచింది. మొత్తం మీద పూర్తయినట్టు కనిపిస్తున్న ఇల్లు ఒక్కటే, రోడ్డు పక్కనున్నది. నీలం రంగు గోడ, చెక్క తలుపు, తలుపు పక్కన నంబరు పలక వేలాడదీయడానికి ఒక మేకు.

సాయిదుర్గ ముందు మేకు చూసింది. దాని చుట్టూ అరచేయంత మేర రంగు గీసుకుపోయి ఉంది. పలక ఒకసారి తగిలించి వదిలేస్తే అలా గీసుకుపోదు. తర్వాత యాప్‌లోని ఫొటోలు తెరిచి గోడ పక్కన నిలబడింది. మొదటి నంబరు ఇంటి ఫొటో ఉదయం తొమ్మిదీ ఐదు. కరెంటు స్తంభం నీడ కిటికీ మీద ఉంది. పదిహేడో నంబరు పదీ పదిహేను. నీడ కిటికీ దాటింది. నలభై ఆరో నంబరు పన్నెండూ ఇరవై. నీడ గడప మీదికొచ్చింది. అన్ని ఫొటోల్లోనూ గడప పక్కన ఒకటే బీట. ఒకే గోడ, ఒకే తలుపు, మూడుంపావు గంటల్లో నలభై ఆరు పలకలు మార్చారు.

"ఇదేనాండీ నా ఇల్లు?" అంది చిన్నమ్మలు. చెప్పులు విడిచి నీళ్లలో నిలబడింది. రంగు వేసిన గోడని చేత్తో తడిమింది. "బానే ఉందండి. రంగు బాగుంది."

సాయిదుర్గ తలుపు తోసింది. తలుపుకి అవతల ఇల్లు లేదు. నడుమెత్తు గడ్డి, దానిమీద ఆకాశం. చిన్నమ్మలు లోపలికి తొంగిచూసి తలుపు మళ్లీ నెమ్మదిగా దగ్గరికి వేసింది.

వెనక నుంచి హారన్ వినిపించింది. తెల్ల జీపు. అందులోంచి స్పెషల్ టీమ్ ఇన్‌స్పెక్టర్ విజయకుమార్ దిగాడు, బూట్లకి బురద అంటకుండా అడుగులు చూసుకుంటూ. సాయిదుర్గ బ్యాచ్‌మేటే. ట్రైనింగ్‌లో పక్క పక్క బెంచీలు. ఆవిడ ఫస్టు వచ్చింది, పదవులు మాత్రం అతనికి వచ్చాయి.

"పదకొండూ ఇరవై," అన్నాడు వాచీ చూసుకుని. "సాయంత్రం ఐదింటికి కేసు ఫైలు నాకు అప్పగించాలి దుర్గా. ఆర్డరు వచ్చేసింది. నీకింకా ఐదు గంటల నలభై నిమిషాలు టైముంది. ఇళ్లు చూస్తూ గడిపెయ్."

"ఇళ్లుంటే చూసేదాన్నే."

"లేవనే కదా నేనూ అంటున్నది. కాంట్రాక్టరు దగ్గర తిని, కట్టని ఇళ్లు కట్టినట్టు ఫొటోలు పెట్టింది నాగసతీష్. రసీదుల మీద దొంగ ముద్రలు వేసిందీ అతనే. ఆడిట్ వస్తోందని భయపడి కాలవలో దూకాడు. కథ అయిపోయింది."

"ఈత వచ్చినవాడు కాలవలో దూకి చస్తాడా?"

"చావాలనుకుంటే ఈత మర్చిపోతాడు." విజయకుమార్ జేబులోంచి కాగితం తీసి ఆవిడ మొహం ముందు పట్టుకున్నాడు. "వేలిముద్రల నిపుణుడి రిపోర్టు. నలభై ఆరు రసీదుల మీదా ఉన్నవి నాగసతీష్ పది వేళ్ల ముద్రలే. మార్చి మార్చి వేశాడు. చదువుకో."

సాయిదుర్గ చదివింది. రిపోర్టు అసలుదే. కానీ చిన్నమ్మలు వేలు ఇంకా ఆవిడ కళ్ల ముందే ఉంది. పదేళ్లుగా ఈ మనిషి తనని తొక్కుకుంటూ పైకి పోతున్నాడన్న కసీ ఉంది. ఒక్కసారైనా ఎదురుగా నిలబెట్టి నోరు మూయించాలనుకుంది.

"ఫొటోలు నాగసతీషే తీశాడు, ఒప్పుకుంటాను," అంది. "తిలాపాపం తలా పిడికెడు, అతనికీ వాటా ఉంది. ముద్రలు మాత్రం అతను వేయలేదు."

"శాస్త్రం తప్పు, నువ్వు ఒప్పా?"

"గట్టు మీద తాడు పేనే ఆడవాళ్ల వేళ్లకి గీతలుండవు. ఆ సంగతి ఊళ్లో రేషన్ డీలరుకి తెలుసు, పింఛనిచ్చేవాళ్లకి తెలుసు. మూడేళ్లు వాళ్లతో వేగిన నాగసతీష్‌కి తెలీదా? అతనే దొంగ ముద్రలు వేసుంటే అలికినట్టు మసిముద్దలు వేసేవాడు. ఇంత చక్కటి ముద్రలు వేసినవాడు ఈ ఊరి మొహం చూడనివాడు." ఆవిడ చిన్నమ్మలు చేయి పట్టుకుని ఎత్తింది. "ఇదిగో, పదిహేడో నంబరు మనిషి. రేపు ఈ వేలు జడ్జిగారి ముందు పెడితే నీ రసీదులు ఒక్కటీ నిలవవు."

విజయకుమార్ మొహంలో నవ్వు ఒక్క క్షణం ఆగింది. చిన్నమ్మలు బొటనవేలు వంక కాస్త ఎక్కువసేపే చూశాడు.

"ఏమ్మా, నీకు ఇల్లిచ్చింది ప్రభుత్వం. అయినా గట్టు దిగవు. అక్కడా తిని ఇక్కడా తిందామనా?"

"ఈ ఇంట్లో ఉండమంటే ఉంటానండి బాబూ," అంది చిన్నమ్మలు. "తలుపు తీసి ముందు మీరెళ్లండి. మీ వెనకాలే వస్తాను."

గంగయ్య దగ్గు వచ్చినట్టు అటు తిరిగాడు. విజయకుమార్ జీపు దగ్గరికి నడిచాడు. ఎక్కబోతూ ఆగాడు.

"దుర్గా, మనిషి ఎలాగూ పోయాడు. నింద అతని మీద పోతే ఎవరికీ నష్టం లేదు. బతికున్నవాళ్ల మీదికి తెచ్చావంటే చాలామందికి నష్టం. బడ్జెట్ అంటే అంతే. ఎక్కడ కోత పెడితే అరవలేరో అక్కడే పెడతారు."

తెల్ల జీపు వెళ్లిపోయింది. సాయిదుర్గకి గెలిచినట్టే అనిపించింది కానీ రిపోర్టు మాత్రం గొంతులో ముల్లులా మిగిలింది. ముద్రలు నాగసతీష్‌వే. నాగసతీష్ వేయలేదు. రెండూ నిజమెలా అవుతాయి?

* * *

జీపు బానెట్ మీద ఫోన్ పెట్టి పదిహేడో రసీదు మీది ముద్రని పెద్దది చేసింది. చిన్నమ్మలు పక్కకొచ్చి వంగి చూసింది.

"ఇదేనాండీ నా ముద్రన్నది?"

"ఇదే."

"ఇది నానిన వేలండి."

"ఏంటీ?"

"నానిపోయిన వేలు. ఇవి చూడండి." చిన్నమ్మలు గీతలకి అడ్డంగా, నిలువుగా పోతున్న తెల్లటి చారలు చూపించింది. "ఈ తాడు పనిలోకి రాకముందు నేను నాలుగేళ్లు ఐ.పోలవరం దగ్గర రొయ్యల షెడ్డులో చేసేనండి. పొద్దుటినించీ ఐసునీళ్లలో చేతులు పెట్టి రొయ్యలు ఒలిస్తే, సాయంత్రానికి వేళ్లు ఎండు ఉసిరికాయల్లా ముడతలు పడిపోయేవి. అప్పటికి నా వేళ్లకి ఇంకా గీతలుండేవి. జీతాల రోజున కాగితం మీద వేలేస్తే అచ్చం ఇలాగే తెల్లచారలు పడేవండి."

సాయిదుర్గ ఇంకో రసీదు తీసింది. ఇంకోటి. ఇంకోటి. నలభై ఆరింటి మీదా అవే తెల్లచారలు. ఫైల్లోంచి నాగసతీష్ పది వేళ్ల నమూనా కాగితం తీసింది. ఆదివారం మార్చురీలో శవం నుంచి తీసుకున్న ముద్రలు అవి. బొటనవేలు పక్కన బొటనవేలు పెట్టి చూసింది. అదే చోట, అదే వంపుతో, అవే చారలు.

బల్ల దగ్గర కూర్చుని దొంగ ముద్రలు వేసేవాడి వేళ్లు పొడిగా ఉంటాయి. ఈ వేళ్లు గంటల తరబడి నీళ్లలో ఉన్నాయి. కాలవలోంచి తీశాక వేసిన ముద్రలివి.

నాగసతీష్ బతికుండగా వేయలేదు. చచ్చాక వేయించారు.

"గంగయ్యా, ఈవిడ్ని ఇంటి దగ్గర దింపి అక్కడే ఉండు. నేనొచ్చేదాకా కదలకు," అంది. "ఆటోలో వెళ్లండి. జీపు నేను తీసుకెళ్తున్నాను."

* * *

పెద్దాసుపత్రి మార్చురీ అటెండరు సత్తియ్యకి రిటైర్మెంటు దగ్గరపడింది. రిజిస్టరు అడగ్గానే భయపడుతూనే తెచ్చిచ్చాడు. సాయిదుర్గ ఆదివారం పేజీ తీసింది. శవం లోపలికి: ఉదయం ఎనిమిది. పోస్టుమార్టం: సోమవారం పది. మధ్యలో లోపలికి వెళ్లినవాళ్లు ఒక్కరే.

విజయకుమార్, ఇన్‌స్పెక్టర్, స్పెషల్ టీమ్. పని: వేలిముద్రల నమూనా. లోపలికి రెండూ పది. బయటికి మూడూ ఇరవై ఐదు.

"పది వేళ్ల ముద్రలు తీయడానికి ఎంతసేపు పడుతుంది సత్తియ్యగారూ?"

"పది నిమిషాలండి. శవం బిగుసుకుపోతే పావుగంట."

"ఈయన గంటా పావు ఉన్నాడు."

సత్తియ్య తలొంచుకున్నాడు. "ఆ రోజు శ్రీరామనవమండి. అందరూ పందిట్లో పానకానికెళ్లేరు. నేనొక్కడినే ఉన్నాను. నన్ను బయట ఉండమన్నారు."

"లోపల ఏం చేస్తున్నాడో చూడలేదా?"

"లేదండి."

"చేతిలో ఏం తెచ్చాడు?"

"బ్యాగొకటండి. కాగితాల బ్యాగు." సత్తియ్య గుమ్మం వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "అరగంటయ్యేక తలుపు తీసేరు. స్టాంప్ ప్యాడ్ ఎండిపోయింది, ఇంకోటి తెమ్మన్నారండి. పండగపూట షాపులు లేవు, బస్టాండు దాకా వెళ్లి కొనుక్కొచ్చేను. ఆయనెళ్లేక చూస్తే ఆ అబ్బాయి రెండు చేతులూ మణికట్టు దాకా నీలంగా ఉన్నాయి. డాక్టరుగారొచ్చే లోపల శుభ్రంగా తుడిచెయ్యమన్నారండి. తుడిచేసేను. పాపమని తెలుసండి. పింఛను కాగితాలు పోలీసు వెరిఫికేషన్‌లో ఉన్నాయి, ఏం చెయ్యమంటారు?"

ఈ కథలో ప్రతివాడికీ పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉంది. దాన్ని పట్టుకునే వాళ్ల చేత పనులు చేయించుకున్నారు. నాగసతీష్ ఒక్కడు అది వదులుకుంటానన్నాడు. సాయిదుర్గ రిజిస్టరు పేజీని ఫోన్లో ఫొటో తీసుకుంది. సత్తియ్య చెప్పింది రాయించి సంతకం పెట్టించుకుంది. టైము ఒంటిగంటా పది. ఐదింటికి ఇంకా దాదాపు నాలుగు గంటలుంది. జడ్జిగారి ముందు చిన్నమ్మలుని నిలబెడితే చాలు, రసీదులు దొంగవని తేలిపోతుంది, రేపు పొద్దున్న గుడిసెల మీద చెయ్యి వేయడానికి ఎవరికీ కాగితం మిగలదు.

ఫోన్ మోగింది. గంగయ్య.

"మేడమ్, విజయకుమార్ గారొచ్చి చిన్నమ్మలుని జీపెక్కించుకుపోయేరండి. ఇల్లు తీసుకుని ప్రభుత్వాన్ని మోసం చేసిందని కేసంట, ఆవిడ ఏ-2 ముద్దాయంట. ఆడ కానిస్టేబులు లేకుండా ఎలా తీసుకెళ్తారండీ అని అడ్డం నిలబడ్డాను. పక్కకి తోసేసేరు."

"ఏ స్టేషన్‌కి?"

"చెప్పలేదండి. ఫోన్లు చేసేను, ఏ స్టేషన్‌కీ రాలేదంటున్నారు. ఎందుకు తీసుకెళ్తున్నారని అడిగితే ఒకటే మాటన్నారండి. ఆవిడ వేలిముద్రలు తీసుకోవాలంట."

సాయిదుర్గ జీపు వైపు పరుగెత్తింది. పదకొండున్నరకి, అందరి ముందూ, ఆ వేలు పైకెత్తి విజయకుమార్‌కి చూపించింది తనే.